ప్యాకెట్ మీద తోట పేరు: ఈ సీజన్ మార్పుల గురించి మా జీడిపప్పు వినియోగదారులకు

నమస్కారం.

కొత్త పంట పప్పు పంపడం మొదలుపెట్టే ముందు మీకు కొన్ని విషయాలు తెలియజేయవలసి ఉంది. ఈ సీజన్ నుంచి మేము పంపే ప్రతి ప్యాకెట్ మీద ఆ పప్పు వచ్చిన జీడి పిక్కలు (పెంకుతో ఉన్న గింజలు) ఏ ఊళ్లో, ఏ తోటలో రాలినవో రాసి ఉంటుంది. ధర కిలోకు 60 రూపాయలు పెరుగుతుంది. మీలో ఎక్కువమంది అడిగే 240 రకం గుండు పప్పు నిరుటి కన్నా తక్కువగా ఉంటుంది. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే గనుక, ధర పెరిగిందన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోకుండా కారణాలు కూడా రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది. తీరిక చూసుకుని చదవగలరు.

కాలిఫోర్నియాలో స్థిరపడిన మన వినియోగదారు ఒకరు, సోంపేట వైపు వారే, నిరుడు ఒక ప్రశ్న పంపారు. అక్కడి ద్రాక్షతోటల వాళ్లు కొందరు తమ వైన్ సీసాల మీద ‘రీజెనరేటివ్ ఆర్గానిక్’ అనే ముద్ర వేసుకుంటున్నారట. నేలను పాడుచేయకుండా ఉండడంతో ఆగక, పాడైన నేలకు తిరిగి సత్తువ తెచ్చే సేద్యమని దాని అర్థం. మీరు కూడా తోటల్లో రసాయన ఎరువులు, మందులు మానేస్తున్నామంటున్నారు కదా, ఆ ముద్ర మీ ప్యాకెట్ మీద ఎప్పుడు చూస్తామని వారు అడిగారు. అదే ప్రశ్న వేరే మాటల్లో హైదరాబాద్, విశాఖపట్నం నుంచి కూడా వచ్చింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాను.

ఇప్పట్లో కనిపించదు. ఆ ముద్రను 2017లో అమెరికాలోని ఆర్గానిక్ సేద్య పరిశోధన సంస్థ రోడేల్ ఇన్‌స్టిట్యూట్, దుస్తుల కంపెనీ పటగోనియా, సబ్బుల కంపెనీ డాక్టర్ బ్రానర్స్ కలిసి రూపొందించాయి. నేల ఆరోగ్యం, పశువుల సంక్షేమం, పనివాళ్ల పట్ల న్యాయం అనే మూడింటినీ కలిపి చూస్తారు. అసలు దానికి దరఖాస్తు పెట్టాలంటేనే ముందుగా ఆర్గానిక్ ధ్రువీకరణ చేతిలో ఉండాలి. ప్రపంచంలో దాన్ని మొట్టమొదట సాధించిన ద్రాక్షతోట కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్ దగ్గరున్న టాబ్లాస్ క్రీక్. అది 2020 నాటి మాట. మన దేశంలో ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాసి దుకాణాల్లో అమ్మాలంటే బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌పీఓపీ గానీ, రైతులు బృందంగా ఒకరినొకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ గానీ ధ్రువీకరణ కావాలి. మొదటిదాని కింద జీడిమామిడి వంటి తోటలకు రసాయన సేద్యం నుంచి మారే కాలమే మూడేళ్లు. మాతో కలిసిన తోటల్లో కొన్ని ఆ దారిలో సగం దూరంలో ఉన్నాయి, కొన్ని ఈ మధ్యే అడుగుపెట్టాయి. అందుచేత ఆ మాటలేవీ ప్యాకెట్ ముందు వైపు పెద్దక్షరాలతో వేయించడం లేదు. తోట, ఊరు, మండలం, పిక్కలు కొన్న నెల, ఆ తోటలో ఏ మందు వాడారు లేదా వాడలేదు అన్న వివరం, ఇంతవరకే రాస్తాం.

ముద్ర రాకపోయినా దాని వెనక ఉన్న ఆలోచన నాకు నచ్చింది. ఆర్గానిక్ అన్న మాట ఒక్కటే నేల బాగుందని హామీ ఇవ్వదు, దీనికి ద్రాక్షతోటల చరిత్రలోనే ఉదాహరణ ఉంది. కొబ్బరికి మొవ్వు కుళ్లు వచ్చినప్పుడు మైలుతుత్తం, సున్నం కలిపి పోసే బోర్డో మిశ్రమం మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తెలియని రైతు ఉండడు. అది 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో బూజు తెగులుకు విరుగుడుగా తేలిన మందు. తోటలను అంతగా కాపాడింది కాబట్టే ఆ ఊరి పేరు మన కవిటి, కంచిలి దాకా వచ్చింది. దాన్ని ఆర్గానిక్ తోటల్లోనూ చల్లనిస్తారు. కానీ మైలుతుత్తంలోని రాగి మట్టిలో పడితే కరిగి మాయమయ్యేది కాదు. ఏటా చల్లింది ఏటా పేరుకుని, కొంతకాలానికి వానపాములకూ మట్టిలోని సూక్ష్మజీవులకూ చేటు చేస్తుంది. చివరికి ఐరోపా సమాఖ్య హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోలకు మించి రాగి వాడకూడదని 2019 నుంచి కట్టడి చేసింది. మందు మానడం వేరు, నేలకు జీవం పోయడం వేరు.

ఇంతకన్నా ముఖ్యమైన పాఠం మరొకటి వైన్ వ్యాపారంలో ఉందని నా ఉద్దేశం. ఫ్రాన్స్‌లోని బర్గండీలో రొమానీ కోంతీ అనే ద్రాక్షతోట ఉంది. దాని విస్తీర్ణం సుమారు నాలుగున్నర ఎకరాలు. వజ్రపుకొత్తూరు మండలంలో ఆ మాత్రం తోట ఉన్న రైతును ఎవరూ పెద్ద రైతు అనరు. ఆ తోట పేరే సీసా మీద ఉంటుంది, ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్‌లలో అదొకటి. బర్గండీలో ఇలా పేరుపేరునా గుర్తించిన ముక్కచెక్కల తోటలన్నిటినీ కలిపి యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. ట్రాక్టరు బరువుకు నేల గట్టిపడిపోతుందని ఆ తోటలో గుర్రాలతో దున్నిస్తారు. అంత ఖర్చు ఎలా గిట్టుబాటు అవుతుందని ఆలోచిస్తే సమాధానం తేలికగానే దొరుకుతుంది. తోట, తయారీ, సీసా మీది పేరు, మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. నేల మీద పెట్టిన రూపాయి తిరిగి ఆ చేతికే వస్తుంది.

పలాస, కాశీబుగ్గల్లో వ్యాపారం ఇలా సాగదు. రైతు పిక్కలను ఎండబెట్టి 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. బస్తా దళారి చేతికి వెళ్లగానే తోట పేరు పోతుంది. గోదాములో అది పది ఊళ్ల బస్తాలతో కలుస్తుంది, ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా వంటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలతోనూ కలుస్తుంది. దిగుమతి పిక్కలను నేను తప్పుబట్టడం లేదు. ఉద్దానంలో పండేది ఇక్కడి పరిశ్రమలకు ఏడాది పొడవునా సరిపోదు; అవి రాకపోతే పిక్క కొట్టే, పొట్టు వలిచే ఆడవాళ్లకు నెలల తరబడి పని ఉండదు. నా ఫిర్యాదంతా కలిపేయడం గురించే. ఎండుటాకును తగలబెట్టకుండా నేల మీదే మగ్గనిచ్చిన రైతుకూ, గడ్డిమందు కొట్టి నున్నగా ఊడ్చిన రైతుకూ బస్తాకు ఒకే ధర వస్తున్నంత కాలం మొదటి రైతు ఎందుకు శ్రమపడాలి? బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర ఇవ్వాలని ఉద్దానం రైతులు చేస్తున్న డిమాండులో న్యాయం ఉంది. అయితే అది దక్కినా అందరికీ ఒకే ధరే అవుతుంది, నేల సంగతి మళ్లీ ఎవరికీ పట్టదు.

నాయకత్వం అనే మాట పెద్ద సంస్థలకే చెల్లుతుందని మనకొక అభిప్రాయం ఉంది. వైన్ రంగంలో పెద్దవాళ్లూ కదిలిన మాట నిజమే. స్పెయిన్‌కు చెందిన టోరెస్ కుటుంబం, కాలిఫోర్నియాకు చెందిన జాక్సన్ ఫ్యామిలీ వైన్స్ కలిసి 2019లో వాతావరణ మార్పు మీద ఒక అంతర్జాతీయ కూటమి ఏర్పాటు చేశాయి. అందులో చేరేవారు తమ కర్బన ఉద్గారాల లెక్కను బయటివారి చేత తనిఖీ చేయించుకోవాలి. మన రాష్ట్రంలో ఆ చొరవ ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది, ఊళ్లలో మహిళా సంఘాలే దానికి వెన్నెముక. 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతిని ఆ కార్యక్రమం మరో ఇద్దరితో పంచుకుంది. జీడిమామిడిని మన దేశానికి తెచ్చినవాళ్లూ పోర్చుగీసులే. గోవా తీరంలో నేల కోతను ఆపడానికి నాటారని చెబుతారు. నేలను పట్టి ఉంచడానికి వచ్చిన చెట్టు కింద ఇప్పుడు నేల నిలవడం లేదని మనం మాట్లాడుకోవలసి రావడం విచిత్రం.

ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం బలమంతా తోటలో ఉంది. పిక్క రాలిన తరువాత ధర కట్టేది మాత్రం కొనేవాడే. మా వంటి చిన్న పరిశ్రమకు చేతనైన నాయకత్వం అక్కడే ఉంది: ఎలా పండించాలో రైతుకు ఉపన్యాసం ఇవ్వడం మాని, మనం కొనే పద్ధతి మార్చుకోవాలి. కాబట్టి ఈ ఏడాది బస్తాలకు తోట పేరుతో చీటీ కుట్టిస్తున్నాం. ఏ తోట పిక్కలను ఆ తోటవిగానే ఉడికించి, కొట్టి, ఆరబెట్టి, వలిచి ప్యాక్ చేస్తాం. ధరను పూత మీదుండగానే రైతుకు చెప్పేశాం. పంట వేళకు మార్కెట్ పెరిగితే మార్కెట్ ధర ఇస్తాం, తగ్గితే మేము చెప్పిన ధరే ఇస్తాం. మార్కెట్ బాగా పడిపోయిన ఏడు ఈ మాట మాకు భారమవుతుందని మా లెక్కలు చూసే ఆడిటరు హెచ్చరించారు. ఆయన మాట కాదనలేను. కానీ ఈ హామీ లేకుండా ఏ రైతునూ తోట పద్ధతి మార్చుకోమని అడిగే హక్కు మాకు లేదు.

ఇక తోటలో జరిగే పని. వరి కోస్తాం, మామిడి దింపుతాం. జీడి పిక్క మాత్రం పూర్తిగా పండి, పండుతో సహా తనంతట తాను నేల మీద రాలాలి. ముందే కోస్తే లోపల పప్పు ముడుచుకుపోతుంది. రాలిన పిక్క కంటపడాలంటే నేల శుభ్రంగా ఉండాలి. అందుకే పంటకు ముందు చెట్ల కింద గడ్డి చెక్కి, ఎండుటాకు ఊడ్చి కుప్పపోసి తగలబెట్టడమో, పొయ్యిలోకి పట్టుకుపోవడమో ఉద్దానంలో తరతరాల అలవాటు. కూలి దొరకని చోట ఇప్పుడు గడ్డిమందు వచ్చింది. మాఘంలో ఊడ్చిన నేల జ్యేష్ఠం దాకా ఎండకు మాడి, తొలకరి వానకు పైమట్టి కాస్తా గెడ్డల (వాగుల) పాలవుతుంది. మనవి అసలే ఇసుక కలిసిన నేలలు, నీటినీ సారాన్నీ పట్టి ఉంచే శక్తి వాటికి తక్కువ.

ఊడవవద్దని చెప్పడం తేలికే. మా తోటలో ఆకును కదపకుండా వదిలిన ఏడు, పిక్కలు ఏరడానికి వచ్చిన ఒక పెద్దావిడ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, “బాబూ, ఆకు ఏరమంతావా, పిక్క ఏరమంతావా?” అని అడిగింది. ఆ ప్రశ్న పట్టుకునే ఇప్పటి పద్ధతికి వచ్చాం. చెట్టు గొడుగు కింద, పిక్క రాలే మేర మాత్రమే ఆకును లాగి, గొడుగు అంచు చుట్టూ గట్టులా వేస్తాం; వరసల మధ్య నేల కప్పి ఉన్నది కప్పి ఉన్నట్టే ఉంటుంది. ఏరుడు ముగిశాక గట్టును మళ్లీ చెట్టు కిందికి పరిచి జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టిన ద్రవం) చల్లుతాం. జీడాకు వగరు ఎక్కువ, అంత తొందరగా మగ్గదు. పేడనీళ్లు తగిలితే కొంత నయం. పరిచేటప్పుడు మాను మొదలుకు ఆనకుండా మూరెడు ఎడం వదలాలి. కాండం తొలిచే పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది, లోపల తొలుస్తుంటే జిగురుతో పాటు రంపపు పొట్టు లాంటిది బయటికి వస్తుంది. ఆకు కప్పేస్తే అది కనిపించదు, కనిపించేసరికి చెట్టు ఎండడం మొదలవుతుంది. ఒకసారి లాగడం, మళ్లీ పరచడం అంటే రెండు కూలీలు. మీరు ఇచ్చే 60 రూపాయల్లో పెద్ద వాటా ఈ కూలిదే.

రోహిణి కార్తె ఎండల్లోనే వరసల మధ్య పిల్లిపెసర, జీలుగ, ఉలవ, బొబ్బర, కంది, చోడి, గంటి కలిపి చల్లుతాం. తొలకరికి మొలిచి నేలను కప్పుతాయి. టాబ్లాస్ క్రీక్ వాళ్లు చలికాలంలో ద్రాక్ష తీగలు మోడుగా ఉన్నప్పుడు తోటలో గొర్రెలను మేపి, చిగురు వేసేలోగా బయటికి తోలేస్తారు. ఆ సంగతి చదివి వినిపిస్తే మా పెదనాన్నగారు నవ్వారు. కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి పొలంలో రాత్రిళ్లు మంద పెట్టించుకోవడం మనకు తాతల నాటి ఏర్పాటు. తోటల్లో అది ఎందుకు తగ్గిందంటే 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఒక కారణం. పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోయిన చోట అందరూ అంటు మొక్కలు నాటారు, లేత అంట్లను మంద బతకనివ్వదు. ఆ మొక్కలు ఇప్పుడు ఎత్తు అందుకున్నాయి. ఇంకా చిన్నగా ఉన్నవాటికి ముళ్లకంప కట్టి, వర్షాకాలంలో మందను మళ్లీ రానిస్తున్నాం.

పురుగు విషయంలో మాకు ఇంకా పట్టు చిక్కలేదు. టీ దోమ అనే పురుగు చిగురునూ పూతనూ పీల్చేస్తే రెమ్మ మొత్తం మాడిపోయినట్టవుతుంది. చిగురు, పూత, పిందె దశల్లో మూడుసార్లు మందు కొట్టమని సాధారణంగా సిఫారసు చేస్తారు. పూత మీద కొట్టిన మందు తేనెటీగలనూ వదలదు. ఆకులను కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు టీ దోమను బాగా అదుపు చేస్తాయని ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని జీడితోటల్లో శాస్త్రవేత్తలు చేసిన పని ఉంది. మన దగ్గర కుడతాయని ఆ గూళ్లను తగలబెట్టేవారు, ఇప్పుడు వదిలేస్తున్నాం. (ఒడిశాలోని మయూర్‌భంజ్ వాళ్లయితే వాటితో పచ్చడి నూరుకుంటారు, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.) చీమలున్న చెట్లలో పూత బాగుంది, లేని చెట్లలో వేప కషాయం కొట్టినా కొంత పోయింది. మాతో ఉన్న రైతుల్లో ఇద్దరు దోమ ఉధృతి చూసి తట్టుకోలేక ఒకసారి మందు కొట్టారు. ఆ సంగతి వారే వచ్చి చెప్పారు. వారి పిక్కలు కొంటాం, ప్యాకెట్ మీద ఆ మాట రాస్తాం, ఆ ప్యాకెట్ల మీద 60 రూపాయల పెంపు ఉండదు.

240 రకం ఎందుకు తగ్గిందో కూడా ఇక్కడే చెప్పాలి. 240 అంటే పౌను బరువుకు 220 నుంచి 240 గింజలు తూగే పప్పు. ఇన్నాళ్లూ మార్కెట్లో కలగలిసిన సరుకులోంచి మీకు కావలసిన సైజు ఏరి పంపేవాళ్లం. తోటల వారీగా కొన్నప్పుడు ఆ తోట చెట్లు ఇచ్చిందే పప్పు. అంట్లు వేసిన తోటల్లో గింజ పెద్దది. విత్తనం నుంచి లేచిన పాత చెట్లున్న తోటల్లో ఏ చెట్టు దారి దానిదే, అక్కడ 320, 450 రకాలే ఎక్కువ. రుచికి చిన్న గింజ ఏమీ తీసిపోదని నా అభిప్రాయం, కానీ పెళ్లిళ్లకు, కానుకలకు కొనేవారి అవసరం వేరని నాకు తెలుసు. వారు ముందుగా చెబితే ఉన్నంతలో పక్కన పెట్టి ఉంచుతాం.

పనివాళ్ల విషయం ఆ విదేశీ ముద్రలో మూడో అంశం అని పైన రాశాను. జీడి పెంకులోని సొన చేతికి తగిలితే చర్మం కాలి పొరలుగా ఊడుతుంది. పిక్క కొట్టే అప్పలంతా చేతులకు నూనె రాసుకుని కూర్చుంటారు. మామూలుగా గుండుగా వచ్చిన పప్పుకు ఒక కూలి, విరిగిన దానికి తక్కువ కూలి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మేము రెండింటికీ ఒకే కూలి ఇస్తున్నాం, చేతి తొడుగులు కూడా ఇస్తున్నాం. తొడుగులతో చేయి వాటం కుదరక బద్దలు కొంచెం పెరిగాయి. కాబట్టి మీరు పాయసంలోకి, కూరల్లోకి, ఉప్మాలోకి వాడుకునేది బద్దా ముక్కా తీసుకుంటే మాకు నిజమైన సాయం.

మట్టి పరీక్ష ఫలితాలు పంపమని ఒకరిద్దరు అడిగారు. మన ప్రయోగశాలల లెక్కలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 శాతం దాటితే ఎక్కువ. మా సొంత తోట మొదట్లోనూ ‘తక్కువ’ గడిలోనే ఉంది, ఇప్పటికీ ఆ గడిలోనే ఉంది. అంకె కొద్దిగా పైకి కదిలిందంతే. ఇసుక నేలలో ఇది నిదానంగా జరిగే పని. కాబట్టి మా పప్పు కొంటే వాతావరణానికి ఇంత మేలు అని లెక్కగట్టి చెప్పే ఉద్దేశం లేదు. అలాగే ఉద్దానం కిడ్నీ జబ్బుతో మా సేద్యాన్ని ముడిపెట్టి అడిగేవారికి ఒక మనవి. ఆ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకు తేలలేదు. మా ఊళ్ల కష్టాన్ని పప్పు అమ్ముకోవడానికి వాడుకోలేను.

ద్రాక్షతో వైన్ చేసినట్టు జీడిమామిడి పండుతో ఏమైనా చేయరాదా అన్న ప్రశ్న ఏటా వస్తుంది. గోవాలో ఆ పండుతోనే ఫెని చేస్తారు, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ మద్యం తయారీకి ఎక్సైజ్ లైసెన్సు కావాలి, మాకు ఆ ఆలోచన లేదు. రాలిన పండు ఒక్క రోజులో పాడైపోతుంది కనుక కొంత పశువులకు వేసి, మిగిలింది పేడతో కలిపి ఎరువు చేస్తున్నాం. గాజు సీసాల్లో ప్యాక్ చేయమని అడిగినవారికీ ఇదే జవాబు, చేయలేం. వైన్ తయారీదారులే రవాణా బరువు, గాజు కాల్చే ఖర్చు చూసి సీసాల బరువు తగ్గించుకుంటున్నారు. ఇదివరకటిలాగే గాలి తీసిన సంచులే కొనసాగుతాయి.

మొదటి విడత పప్పు ఏప్రిల్ మూడో వారం నుంచి బయలుదేరుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత ధరే వర్తిస్తుంది. ఫలానా తోట పప్పే కావాలనుకుంటే ఆర్డరులో రాయండి; అది అయిపోతే మీకు చెప్పకుండా వేరే తోటది పంపము. తోట చూడాలనుకునేవారు మార్చి నెలాఖరు నుంచి మే మొదటి వారం వరకు ఎప్పుడైనా రావచ్చు, ఒకరోజు ముందు ఫోన్ చేస్తే చాలు. పొద్దున ఎనిమిదింటిలోగా చేరుకుంటే పిక్కలు ఏరడం చూడగలుగుతారు. చీమలున్నాయి కాబట్టి నిండు చేతుల చొక్కా వేసుకుని రండి.